చలానా పడింది – ఇక బీమా మాటేమిటి?



ఈ వేళ కారు సంగతి మాట్లాడుకుందాం. కార్లూ, పోలీసులూ, జరిమానాలూ – అవన్నీ మగవాళ్ళ వ్యవహారం, మనకెందుకులే అని పేజీ తిప్పెయ్యకండి. ఒక్కసారి లేచి, బీరువాలో ఉన్న బండి ఆర్.సి. తీసి చూడండి. ఎవరి పేరుంది? చాలా ఇళ్ళలో ఇల్లాలి పేరే ఉంటుంది. కలిసొస్తుందని కొందరు, లెక్కలకు వీలుగా ఉంటుందని కొందరు, పెళ్ళిరోజు కానుకని కొందరు – కారణమేదయితేనేం, బండి మీ పేరిట, తాళాలు మీవారి జేబులోనో, అబ్బాయి వేలికో! కాని రోడ్డు మీది కెమెరాకు ఆ సంగతి తెలియదు. దానికి తెలిసింది నంబరు ప్లేటు ఒక్కటే. ఆ నంబరు ఎవరి పేర ఉంటే వారి ఫోనుకే కబురొస్తుంది – ఫలానా రోజున, ఫలానా చోట, మీ వాహనం పరిమితికి మించిన వేగంతో వెళ్ళింది, ఇంత జరిమానా కట్టండి అని.

మా పక్కింటి పిన్నిగారికి ఈ మధ్య అలాంటి కబురే వచ్చింది. ఆవిడకు స్టీరింగు ఎటు తిప్పాలో కూడా తెలియదు పాపం. వాళ్ళ రెండోవాడు ఔటర్ రింగు రోడ్డు మీద కాస్త జోరుగా వెళ్ళాడు, చలానా ఈవిడ పేర పడింది. ఫోను పట్టుకుని మా ఇంటికొచ్చి, "చూశావటమ్మా, ఈ వయసులో నా పేరు పోలీసు కాగితాల కెక్కింది! పైగా బీమా కంపెనీవాళ్ళు ప్రీమియం రెట్టింపు చేస్తారటగా, అమెరికాలో మా అమ్మాయి చెప్పింది" అని కూర్చుంది. ఆవిడకు వచ్చిన సందేహాలు మీలో చాలామందికి వచ్చేవే. అందుకే ఈ ప్రసంగం.

ముందు జరిమానా మాట. మన దేశంలో రోడ్డు మీద బండ్ల నడకకు ఆధారం 1988 నాటి మోటారు వాహనాల చట్టం. అందులో 112వ సెక్షను వేగానికి హద్దు పెడుతుంది, 183వ సెక్షను ఆ హద్దు దాటినవారికి శిక్ష చెబుతుంది. 2019లో ఈ చట్టాన్ని సవరించారు. అంతకు ముందు మొదటి తప్పుకు 400 రూపాయల దాకా ఉన్న జరిమానా, ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి కారుకయితే 1000 నుంచి 2000 రూపాయలకూ, లారీలూ బస్సులవంటి పెద్ద బండ్లకయితే 2000 నుంచి 4000 రూపాయలకూ పెరిగింది. ఏ రాష్ట్రంలో ఎంత వసూలు చేయాలన్నది ఆయా ప్రభుత్వాల ఉత్తర్వులను బట్టి ఉంటుంది. తెలంగాణలో ఏళ్ళ తరబడి వేగం చలానా అంటే 1000 రూపాయల జరిమానా, 35 రూపాయల యూజరు చార్జీ, మొత్తం 1035 – ఈ అంకె చూడగానే కారున్న ఇళ్ళవారికి సంగతి అర్థమైపోయేది.

వేయి రూపాయలే కదా, కట్టేస్తే పోలేదా అంటారు. కట్టాల్సిందే. కాని కట్టేముందు చూడవలసినవి కొన్ని ఉన్నాయి.

చలానాతో పాటు ఒక ఫోటో ఉంటుంది. దాన్ని పెద్దది చేసి చూడండి. కారు మీదేనా? రంగు అదేనా? నంబరులో ఏదైనా అంకె తప్పు చదివారా? దొంగ నంబరు ప్లేట్లతో తిరిగే బండ్లు లేకపోలేదు. ఎర్ర కారున్నవారికి తెల్ల కారు ఫోటోతో చలానా వచ్చిన సందర్భాలున్నాయి. తరవాత తేదీ, వేళ, చోటు చూడండి. ఆ వేళకు బండి ఎక్కడుందో ఇంట్లోవాళ్ళను నింపాదిగా అడగండి. ఫోటోలో వేగం ఎంతని వేశారో, ఆ రోడ్డుకు హద్దు ఎంతో కూడా చూడండి. హైదరాబాదు చుట్టూ ఉన్న 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డునే తీసుకోండి. అక్కడ ముందు గంటకు 100 కి.మీ. హద్దు ఉండేది, 2023లో దాన్ని 120 చేశారు. అయితే ఆ 120 రోడ్డంతటికీ కాదు, కుడివైపు వరుసలకే. ఎడమవైపు వరుసల్లో నెమ్మదిగా పోవాలి. మా పిన్నిగారి అబ్బాయి చిక్కుకున్నది ఇక్కడే – "నూట ఇరవైకి లోపే ఉన్నాను కదా" అంటాడు, ఉన్న వరుస మాత్రం వేరు.

ఈ వేగం కొలిచే యంత్రం సంగతి కూడా చెప్పుకోవాలి. లేజరు గన్ను అంటారే, అది వెలుతురు కిరణాలను గబగబా బండి మీదికి పంపిస్తుంది. అవి తగిలి వెనక్కి వచ్చే కాలం ఒక్కొక్కసారికీ ఎంత తగ్గిందో చూసి, బండి ఎంత జోరుగా వస్తోందో లెక్క కడుతుంది. చట్టంలో ఒక మంచి మాట ఉంది. ఎవరో ఒక్క సాక్షి నిలబడి "నా అభిప్రాయంలో ఈ కారు చాలా జోరుగా వెళ్ళింది" అన్నంత మాత్రాన శిక్ష వేయడానికి వీల్లేదు. యంత్రం కొలత ఆధారంగా ఉండాలి. 2021 ఆగస్టులో కేంద్రం తెచ్చిన నిబంధనలో ఈ యంత్రాలకు ఏటా పరీక్ష చేసి ధ్రువపత్రం ఇవ్వాలనీ, కెమెరాలున్నాయని ముందే బోర్డు పెట్టాలనీ, తప్పు జరిగిన పదిహేను రోజుల్లోగా నోటీసు పంపాలనీ ఉంది. మీ అభ్యంతరం నిజమైనదయితే వెబ్‌సైటులోనే ఫిర్యాదు చేసే వీలుంది. ఫోటోనూ, ఆర్.సి. నకలునూ జతచేసి పంపండి. అక్కడ తేలకపోతే కోర్టులో చెప్పుకునే హక్కు ఎటూ ఉంది. అది వదిలేసి, ఎదురుగా నిలబడ్డ కానిస్టేబులుతో వాదన పెట్టుకుంటే ఏం లాభం? ఆయన చలానా రద్దు చేయలేడు.

ఇక్కడే ఒక హెచ్చరిక. దొంగ చలానాలు బయల్దేరాయి! వాట్సాప్‌లో "మీకు చలానా పడింది, వివరాలకు ఈ ఫైలు తెరవండి" అని వస్తుంది, పైన ప్రభుత్వ ముద్ర కూడా ఉంటుంది. ఆ ఫైలు పేరు చివర ఏ.పి.కె. అని ఉంటే చచ్చినా నొక్కకండి. అది ఫోనులో దూరి, బ్యాంకువారు పంపే ఓ.టి.పి.లను దొంగిలిస్తుంది. వేయి రూపాయల చలానా సంగతి దేవుడెరుగు, ఖాతా ఖాళీ! వచ్చిన లింకు నొక్కడం మానేసి, మీరే స్వయంగా పరివాహన్ ఈ-చలాన్ సైటుకో, మీ రాష్ట్ర పోలీసుల సైటుకో వెళ్ళి బండి నంబరు కొట్టి చూడండి. సైటు చిరునామా చివర జీ.ఓ.వీ. డాట్ ఇన్ అని ఉందో లేదో చూసుకోండి. చలానా నిజమయితే అక్కడ కనబడుతుంది. కనబడలేదా, ఆ సందేశం తీసి పారేయండి.

మరో అలవాటు గురించి కూడా అనాలి. చలానాలు కట్టకుండా పోగెయ్యడం! తెలంగాణలో 2022లో కార్ల పాత చలానాలకు సగం రాయితీ ఇచ్చారు, 2023 చివరలో నూటికి 60 తగ్గించారు. స్కూటర్లకు ఇంకా ఎక్కువ. అప్పటినుంచీ "మళ్ళీ ఎప్పుడో తగ్గిస్తారులే" అని కూర్చునేవాళ్ళు ఎక్కువయ్యారు. పండగ బట్టల తగ్గింపు ధరలా చూస్తున్నారు దీన్ని. నాకయితే ఇది నచ్చదు. వెంటనే కట్టినవాళ్ళు తెలివితక్కువవాళ్ళూ, ఎగ్గొట్టినవాళ్ళు తెలివైనవాళ్ళూ అయినట్లు లేదూ? పైగా కట్టని చలానా కోర్టుకు వెళితే అది వేరే తలనొప్పి.

సరే, బండి నడిపింది అబ్బాయి, చలానా అమ్మ పేర. ఏం చెయ్యాలి? చట్టం ప్రకారం నేరం నడిపినవాడిది. కాని ఆ వేళకు బండి ఎవరు నడిపారు, వారి చిరునామా ఏమిటి, లైసెన్సు వివరాలేమిటి అని అధికారం ఉన్న పోలీసు అధికారి అడిగితే చెప్పవలసిన బాధ్యత యజమానిది – 133వ సెక్షను అదే. నడిపినవాడు పద్దెనిమిదేళ్ళు నిండనివాడయితే మాత్రం వ్యవహారం చాలా దూరం పోతుంది. 2019 సవరణతో వచ్చిన 199-ఎ సెక్షను కింద తల్లిదండ్రులకో, బండి యజమానికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు, ఆ బండి రిజిస్ట్రేషను ఒక ఏడాది రద్దు. ఆ పిల్లవాడికి ఇరవై అయిదేళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు. తనకు తెలియకుండా జరిగిందని పెద్దలు రుజువు చేసుకోవలసి ఉంటుంది. పక్క వీధిలో పాల పాకెట్టు తెమ్మని స్కూటరు తాళాలు ఇచ్చే తల్లులు ఈ మాట ఒకటికి రెండుసార్లు చదవాలి.

ఇప్పుడు పిన్నిగారి రెండో భయం – బీమా.

కారు బీమాలో రెండు భాగాలుంటాయి. ఒకటి మన బండి వల్ల రోడ్డు మీది ఇతరులకు జరిగే నష్టానికి. దీన్నే థర్డు పార్టీ అంటారు. మీరు ఒకరు, కంపెనీ రెండు, రోడ్డున పోయే మనిషి మూడు – అదీ ఆ మాటకు అర్థం. ఇది లేకుండా బండి రోడ్డెక్కకూడదు. రెండోది మన సొంత బండికి జరిగే నష్టానికి. అది మన ఇష్టం, అయినా ఉండడం మంచిది.

థర్డు పార్టీ ప్రీమియం ఏ కంపెనీ దగ్గర తీసుకున్నా ఒక్కటే. అది సర్కారు కట్టిన ధర. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన లెక్క ప్రకారం 1000 సి.సి. లోపు కారుకు ఏడాదికి 2,094 రూపాయలు, 1000 నుంచి 1500 సి.సి. దాకా 3,416, అంతకు మించితే 7,897. ఇంజను పెద్దదా చిన్నదా అన్నదే చూస్తారు గాని, నడిపేవాడు నెమ్మదస్థుడా దుడుకువాడా అని అందులో చూడరు. పైగా 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు మూడేళ్ళ థర్డు పార్టీ ఒకేసారి కట్టించుకుంటున్నారు. కాబట్టి మీకు ఎన్ని చలానాలు పడినా ఈ భాగం పెరగదు.

సొంత నష్టం భాగం కంపెనీ ఇష్టం. అందులో మనకు దక్కే పెద్ద లాభం నో క్లెయిము బోనసు. ఒక ఏడాది పరిహారం అడగకుండా గడిపితే మరుసటేడు నూటికి 20 తగ్గింపు, రెండేళ్ళకు 25, మూడేళ్ళకు 35, నాలుగేళ్ళకు 45, అయిదేళ్ళకు 50. చలానా పడడం వేరు, క్లెయిము చెయ్యడం వేరు. చలానా వల్ల ఈ బోనసు పోదు. అంటే పిన్నిగారి ప్రీమియం ఆ వేయి రూపాయల చలానా వల్ల రెట్టింపు కానక్కర్లేదన్న మాట.

అసలు ప్రీమియం పెంచేది క్లెయిము. ఉదాహరణకు మీ కారు సొంత నష్టం ప్రీమియం 10,000 అనుకోండి. అయిదేళ్ళ బోనసుతో 5,000 కడుతున్నారు. అబ్బాయి జోరు మీద గేటుకు రాసేశాడు, బంపరు సొట్టపోయింది, మరమ్మతు 3,000. దానికి బీమా అడిగారో, మరుసటేడు బోనసు మొత్తం పోయి 10,000 కట్టాలి. మూడు వేల కోసం అయిదు వేలు పోగొట్టుకోవడం ఏ ఇల్లాలు ఒప్పుకుంటుంది? (బోనసును కాపాడే అదనపు కవరు తీసుకుని ఉంటే వేరే సంగతి, పాలసీ చూసుకోండి.) ఈ బోనసు బండిది కాదు, యజమానిది, కారు అమ్మి వేరేది కొన్నా వెంట తీసుకుపోవచ్చు. పాలసీ గడువు దాటి 90 రోజుల్లోగా పునరుద్ధరించకపోతే మాత్రం పోతుంది.

మరి చలానాలకూ ప్రీమియానికీ ముడి పెట్టే ఆలోచన లేదా? ఉంది. మన హైదరాబాదులోనే ప్రధాన కార్యాలయం ఉన్న బీమా నియంత్రణ సంస్థ ఐ.ఆర్.డి.ఎ.ఐ. దీని మీద ఒక బృందాన్ని వేసింది. 2021 జనవరిలో ఆ బృందం నివేదిక బయటికొచ్చింది. ట్రాఫిక్ ఉల్లంఘన ప్రీమియం అని పాలసీలో కొత్తగా ఒక భాగం చేర్చాలనీ, తాగి నడిపితే 100 పాయింట్లు, పెట్టకూడని చోట బండి పెడితే 10 పాయింట్లు, ఇలా తప్పు బరువును బట్టి వేయాలనీ, ముందు ఢిల్లీలో అమలు చేసి చూడాలనీ అన్నారు. అది సిఫార్సుగా మిగిలింది గాని అప్పట్లో దేశమంతటికీ నియమం కాలేదు. 2022 జూలైలో అదే సంస్థ ఇంకొక దారి తెరిచింది – ఎలా నడిపితే అంత కట్టు అనే పద్ధతి. మీ ఫోనులోనో, కారులోనో ఉన్న యంత్రం మీ వేగాన్నీ, బ్రేకులు తొక్కే తీరునూ గమనిస్తుంది. నెమ్మదిగా నడిపేవారికి సొంత నష్టం భాగం తగ్గుతుంది. ఇది ఐచ్ఛికం. ఇలాంటిది తీసుకున్న ఇంట్లో మాత్రం, పోలీసు కెమెరా లేని చోట చేసిన వేగం కూడా లెక్కలోకి వస్తుంది సుమా! అందుకని ఏటా పాలసీ కాగితం వచ్చినప్పుడు మొత్తం ఒక్కటే చూడకుండా ఒక్కొక్క వరుస చదవండి.

పిన్నిగారి అమ్మాయి చెప్పింది కూడా అబద్ధం కాదు. అమెరికాలో సంగతి అలాగే ఉంటుంది. అక్కడ వేగానికి టికెట్టు వస్తే అది నడిపినవారి రికార్డులో పాయింట్లుగా పడుతుంది, బీమా కంపెనీలు ఆ రికార్డు చూసి ప్రీమియం కడతాయి. మనవాళ్ళు చాలామంది ఉన్న న్యూజెర్సీలో హద్దుకు 14 మైళ్ళ దాకా మించితే 2 పాయింట్లు, 15 నుంచి 29 దాకా అయితే 4, 30 దాటితే 5. కాలిఫోర్నియాలో 1988లో ప్రజలే ఓటు వేసి తెచ్చుకున్న చట్టం ప్రకారం ప్రీమియానికి మొట్టమొదట చూడవలసింది నడిపే రికార్డే. మంచి డ్రైవరుకు నూటికి 20 తగ్గింపు ఇవ్వాలి, మూడేళ్ళలో ఒకటికి మించి పాయింట్లుంటే ఆ తగ్గింపు పోతుంది. అక్కడ ఒక వెసులుబాటు ఉంది. పద్దెనిమిది నెలలకొకసారి ట్రాఫిక్ స్కూలుకు వెళ్ళి పాఠం పూర్తి చేస్తే ఆ పాయింటు బీమా కంపెనీ కంట పడదు. టెక్సాసులో కూడా ఇలాంటి తరగతి ఉంది, కాని టికెట్టు మీద వేసిన తేదీ లోపల కోర్టును అడగాలి. హద్దుకు 25 మైళ్ళు మించినవారికి ఆ అవకాశం లేదు. న్యూయార్కు నగరంలో కెమెరా పట్టిన వేగానికయితే యజమానికి 50 డాలర్ల జరిమానాయే, పాయింట్లు లేవు.

మీ పిల్లలు అక్కడుంటే ఈ ఒక్క మాట చెప్పండి: అనేక రాష్ట్రాల్లో టికెట్టు డబ్బు కట్టెయ్యడమంటే తప్పు ఒప్పుకున్నట్టే. మనకు మల్లే "కట్టేస్తే పోతుంది" అనుకుని వెంటనే కట్టేసి, తరవాత మూడేళ్ళు ప్రీమియం ఎక్కువ కట్టుకోవడం కంటే, స్కూలుకు వెళ్ళే వీలుందా అని ముందు కనుక్కోవడం నయం. ఆ వీలు లేకపోతే అప్పుడు కట్టవచ్చు.

మళ్ళీ మన ఊరికి వద్దాం. ప్రీమియం పెరగదు కదా అని నిమ్మళించకండి. చలానాకూ బీమాకూ మన దగ్గర ఒక దొడ్డిదారి సంబంధం ఉంది. అది లైసెన్సు. 183వ సెక్షనులో రెండోసారి పట్టుబడితే లైసెన్సు స్వాధీనం చేసుకోవాలని ఉంది. 2015లో సుప్రీంకోర్టు నియమించిన రహదారి భద్రతా కమిటీ కూడా అతివేగానికి కనీసం మూడు నెలలు లైసెన్సు ఆపమని రాష్ట్రాలకు చెప్పింది. లైసెన్సు ఆగి ఉన్న ఆ మూడు నెలల్లో మీ అబ్బాయి బండి తీశాడనుకోండి, ఏదో జరిగిందనుకోండి. చెల్లే లైసెన్సు లేనివాడు నడిపాడు గనక మీ కారు మరమ్మతుకు కంపెనీ పైసా ఇవ్వకపోవచ్చు. అవతల మనిషికి దెబ్బ తగిలితే ముందు కంపెనీ చేత ఇప్పించినా, ఆ డబ్బును తిరిగి యజమాని దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు అంటాయి. ఆ యజమాని ఎవరు? ఆర్.సి.లో పేరున్న మీరు! లక్షలతో మాట. కాబట్టి అబ్బాయి లైసెన్సు ఏ స్థితిలో ఉందో తెలుసుకోవడం అమ్మ హక్కు కూడా.

లైసెన్సు బాగానే ఉండి, వేగం వల్లనే ప్రమాదం జరిగితే? అవతలివారికి పరిహారం ఇవ్వనని కంపెనీ అనలేదు. నిర్లక్ష్యానికి బలైనవారి కోసమే కదా థర్డు పార్టీ పుట్టింది. మన బండి మరమ్మతుకు కూడా వేగం ఒక్కటే మినహాయింపుగా మామూలు పాలసీలో ఉండదు. పందేలకూ, వేగం పరీక్షలకూ వాడితే మాత్రం ఇవ్వరు. అర్ధరాత్రి ఖాళీ రోడ్డు మీద స్నేహితులతో పందెం వేసుకునే కుర్రాళ్ళ తల్లులు గుర్తు పెట్టుకోండి.

ఇక చెప్పడానికి మనసొప్పకపోయినా చెప్పవలసిన మాట ఒకటుంది. నడిపినవాడే పోతే? 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో నూటికి 70 మందికి పైగా అతివేగం ఖాతాలో పోయినవారే. గంటకు 60 కి.మీ. అంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు, 120 అంటే 33 మీటర్లు. వెనక సీట్లో పాప ఏదో అడిగిందని ఒక్క సెకను తల తిప్పితే 33 మీటర్లు కళ్ళు మూసుకుని నడిపినట్టే. బ్రేకు తొక్కాక బండి ఆగే దూరం వేగంతో పాటు రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది.

కర్ణాటకలో 2014లో జరిగిన ఒక ప్రమాదంలో కారు నడిపినాయన తన వేగం వల్లనే పోయాడు. భార్యా, బిడ్డా, తల్లిదండ్రులూ 80 లక్షల పరిహారం అడిగారు. ట్రిబ్యునలు కాదంది, హైకోర్టు కాదంది, 2025 జూలైలో సుప్రీంకోర్టు కూడా కాదంది. తన తప్పు వల్ల తానే పోతే, ఆ కుటుంబం ఆ పద్ధతిలో కంపెనీని అడగడానికి లేదని. వినడానికి కఠినంగా ఉన్నా న్యాయంలో తర్కం ఉంది: అవతల తప్పు చేసినవాడంటూ లేడు.

అలాంటప్పుడు ఆదుకునేది పాలసీలోని మరో చిన్న వరుస – యజమాని-డ్రైవరు వ్యక్తిగత ప్రమాద బీమా. మొత్తం 15 లక్షలు. ఇది తప్పెవరిదని అడగదు (తాగి నడపడంవంటి మినహాయింపులున్నాయి). కాని దీని పేరు మళ్ళీ చదవండి – యజమాని-డ్రైవరు. ఆర్.సి.లోనూ పాలసీలోనూ పేరుండి, చెల్లే లైసెన్సు కలిగిన మనిషికే ఇది వర్తిస్తుంది. కారు మీ పేర ఉండి మీవారు నడుపుతూ ఏదైనా జరిగితే, ఆయన యజమాని కారు గనక ఈ 15 లక్షలు రావు. మీకు లైసెన్సు లేకపోతే మీకూ ఇది వర్తించదు. కలిసొస్తుందని ఇల్లాలి పేర కొన్న బండి, సరిగ్గా రావలసిన వేళకు ఆ ఇల్లాలికే కలిసిరాదన్న మాట. ఈ సంగతి మా పిన్నిగారికి చెబితే చాలాసేపు మాట్లాడలేదు. వాళ్ళింట్లో ముగ్గురు నడుపుతారు, యజమానికి లైసెన్సు లేదు.

దీనికి ఉపాయాలు లేకపోలేదు. నడిపేవారి పేర విడిగా వ్యక్తిగత ప్రమాద పాలసీ తీసుకోవచ్చు. అది ఏ బండిలో ఉన్నా, నడిచి వెళుతున్నా పనిచేస్తుంది. కారు పాలసీలోనే ప్రయాణికులకూ, జీతం డ్రైవరుకూ కొంత అదనం కట్టి కవరు చేర్చవచ్చు. లేదా, ఎప్పుడూ నడిపేది మీవారే అయితే, ఈసారి కొనే కారు ఆయన పేరనే కొనండి. మీరు నడుపుతారా, అప్పుడు మీ పేరే ఉంచి లైసెన్సు గడువు చూసుకోండి.

పాత బండి అమ్మేటప్పుడు కూడా ఇదే వరస. డబ్బు చేతికొచ్చింది, తాళాలిచ్చేశాం, అయిపోయిందనుకుంటాం. కొన్నాయన ఆర్.సి. తన పేరకు మార్చుకోకపోతే ఆయన చేసే వేగానికి చలానాలు మీకే వస్తాయి. అంతేకాదు, రిజిస్టరులో ఎవరి పేరుంటే వారే యజమాని, ప్రమాదం జరిగితే బాధ్యత వారిదే అని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. అమ్మిన 14 రోజుల్లోగా ఫారం 29 రవాణా శాఖకు చేరాలి. అది కొన్నాయన వెడతాడని వదిలెయ్యకండి, మీరే వెళ్ళి ఇచ్చి రండి. అందిందన్న రసీదును ఆర్.సి. నకలుతో కలిపి బీరువాలో ఉంచండి. బోనసు వెంట తెచ్చుకోవడానికి బీమా కంపెనీ దగ్గర ఉత్తరం తీసుకోవాలి, అదీ ఆ కవరులోనే పెట్టండి.